తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో డూలాగా పని మొదలుపెట్టడం ఎలా: శిక్షణ నుంచి బాలింత సేవ దాకా

‘అక్కా, నాకు యోగా వచ్చు, నూనె మర్దన కూడా నేర్చుకున్నాను. డూలా కావాలంటే ఇంకా ఏం చేయాలి?’ అని అడిగేవారు ఎక్కువయ్యారు. డూలా అంటే కాన్పుకు ముందూ, కాన్పులోనూ, ఆ తర్వాతా తల్లికి తోడుండే మనిషి. నా జవాబు వారికి కొంచెం నిరాశగానే ఉంటుంది. యోగా, మర్దన, ధ్యానం, పరిమళ తైలాలు ఈ పనిలో చివరికి వచ్చేవి. పన్నెండు గంటలు ఒకే గదిలో, ఒకే మనిషి పక్కన, ఎవరికీ అడ్డం రాకుండా కూర్చోవడం ముందు నేర్చుకోవాలి. కింది మెట్లను ఆ వరుసలోనే రాశాను. దయచేసి పదో మెట్టు నుంచి మొదలుపెట్టకండి.

1. ముందు మీ గీత మీరు గీసుకోండి

డూలా డాక్టరు కాదు, నర్సు కాదు, మన పాత మంత్రసాని కూడా కాదు. కాన్పు చేయదు. కాన్పుకు ముందు, నొప్పుల సమయంలో, ఆ తర్వాత కొన్ని వారాలు తల్లికి తోడుగా ఉంటుంది. ధైర్యం చెబుతుంది, నడుము పడుతుంది, అర్థం కాని మాటను అర్థమయ్యేలా చెబుతుంది.

పల్లెల్లో మిమ్మల్ని మంత్రసాని అనే పిలుస్తారు. కోపం తెచ్చుకోకండి, కానీ ‘బిడ్డను పట్టేది డాక్టరమ్మ, నేను మీ అమ్మాయిని పట్టుకుంటాను’ అని మొదటి రోజే చెప్పండి.

డూలా చేయకూడనివి:

- బీపీ చూడటం, కడుపు తడిమి బిడ్డ ఎటు తిరిగిందో చెప్పడం, లోపలి పరీక్ష చేయడం
- మందు, కషాయం, మూలిక ఇవ్వడం. నొప్పులు రావాలని ఆముదం తాగించడం
- ఇంట్లోనే కాన్పు అయ్యేదాకా కూర్చోబెట్టడం
- ‘ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు’ అని సలహా ఇవ్వడం
- కడుపు చూసి ఆడపిల్లో మగపిల్లవాడో సరదాకైనా చెప్పడం. లింగ నిర్ధారణపై 1994 నాటి చట్టం ఉంది, ఈ విషయంలో సరదా వద్దు

‘మీరు ఉంటే సిజేరియన్ కాదు కదా?’ అని ప్రతి కుటుంబమూ అడుగుతుంది. అడగడంలో వింత లేదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. మొదటి నుంచి చివరి దాకా ఒకరు తోడుంటే మామూలు కాన్పు అవకాశం పెరుగుతుందని, నొప్పుల సమయం కొంత తగ్గుతుందని ఎన్నో పరిశోధనలను కలిపి చూసి 2017లో వెలువడిన కోక్రేన్ సమీక్ష చెప్పింది. 15 వేలకు పైగా తల్లుల వివరాలు అందులో ఉన్నాయి. అవకాశం పెరుగుతుందని చెప్పండి. హామీ మాత్రం ఇవ్వకండి. ఇచ్చిన మరుక్షణం మీరు డాక్టరుకు ఎదురు నిలబడినట్టే.

2. ఇంట్లో సర్దుబాట్లు, ఒంటికి టీకాలు

నొప్పులు పగటి వేళ చూసుకుని రావు. రాత్రి రెండింటికి ఫోను మోగితే మీ పిల్లలను ఎవరు చూస్తారు, మిమ్మల్ని ఎవరు దింపుతారు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికాకే శిక్షణకు డబ్బు కట్టండి.

శిక్షణకు ఆరు నెలల ముందు నుంచి పూర్తి చేయవలసినవి:

- హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు. మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. ఆరు నెలల ముందు అన్నది అందుకే
- ప్రథమ చికిత్స, గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కే పద్ధతిలో శిక్షణ
- వాహనం, లేదా అర్ధరాత్రి పిలిచినా వచ్చే ఆటో నడిపేవారి నంబర్లు రెండు
- మీరు రాలేని రోజు వెళ్లే మరో డూలా. ఎవరూ లేకపోతే నెలకు ఒక్క తల్లినే ఒప్పుకోండి
- తమిళం, కన్నడం నాలుగు మాటలు

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు ఎన్నో ఇళ్లలో తమిళం నడుస్తుంది. పలమనేరు, కుప్పం వైపు కన్నడం వినిపిస్తుంది. తెలుగులో చక్కగా మాట్లాడే అమ్మాయి కూడా నొప్పి ముదిరాక అమ్మ భాషలోకి వెళ్లిపోతుంది. అప్పుడు తమిళంలో ‘ఎంగ వలిక్కుదు?’ (ఎక్కడ నొప్పి?) అని అడగగలగాలి, ‘మూచ్చు విడుమా’ (ఊపిరి వదులమ్మా) అనగలగాలి. కన్నడంలో అయితే ‘ఎల్లి నోవు?’, ‘ఉసిరు బిడి’.

3. శిక్షణ ఎంచుకోవడం

మన దేశంలో డూలాలకు ప్రభుత్వ లైసెన్సు లేదు. ధ్రువపత్రాలు ఇచ్చేవన్నీ ప్రైవేటు సంస్థలు, అంతర్జాతీయ సంఘాలే. కాబట్టి కాగితం మీది ముద్ర కంటే పాఠంలో ఏముందో చూడాలి.

డబ్బు కట్టే ముందు అడగండి: తరగతి అయ్యాక నిజమైన కాన్పులకు తోడుండమంటారా? ఆ తల్లుల అభిప్రాయం తీసుకుంటారా? పాలివ్వడం గురించి విడిగా పాఠం ఉందా? సిజేరియన్, బిడ్డ దక్కకపోవడం లాంటి కష్టమైన సందర్భాలు చెబుతారా? డూలా పరిధి గురించి రాతపూర్వకంగా ఏమైనా ఇస్తారా?

వారాంతంలో రెండు రోజులు వీడియోలు చూపించి ‘మీరిక డూలా’ అనేవారిని నమ్మకండి. తరగతి మంచిదైనా అది అక్షరాభ్యాసమే. మొదటి మూడు నాలుగు కాన్పులకు బంధువుల్లోనో తెలిసినవారిలోనో రుసుము లేకుండా వెళ్లండి, అదీ అనుభవమున్న డూలా ఫోనులో అందుబాటులో ఉన్నప్పుడు.

4. లేబర్ రూము తలుపు

కొత్తవారు ఎక్కువగా ఇక్కడే తడబడతారు. అందుకే ఈ భాగం పెద్దదైంది.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో నొప్పుల సమయంలో ఒక తోడు మనిషిని ఉండనివ్వవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016 ఫిబ్రవరిలో చెప్పింది. షరతులు ఉన్నాయి. ఆమె బంధువైన స్త్రీ అయి ఉండాలి, వీలైతే కాన్పు అనుభవం ఉన్నదై ఉండాలి. అంటువ్యాధులు ఉండకూడదు. శుభ్రమైన బట్టలు వేసుకోవాలి. మొదటి నుంచి చివరి దాకా ఉండాలి. సిబ్బంది పనిలో తలదూర్చకూడదు. పక్క మంచంలోని తల్లి జోలికి వెళ్లకూడదు.

‘బంధువైన స్త్రీ’ అన్న మాట గమనించారా? బయటి డూలాకు ఆ తలుపు దానంతట అది తెరుచుకోదు. తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి లాంటి రద్దీ చోట్ల మీరు వరండాలోనే ఆగిపోవచ్చు. దానికి గొడవపడి లాభం లేదు. నేను చేసేది ఒకటే: లోపలికి వెళ్లబోయే అమ్మనో, పిన్నినో, వదిననో ముందే తయారు చేస్తాను. రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి నడుము ఎక్కడ నొక్కాలో, నొప్పి వచ్చినప్పుడు ఏమనాలో, ఏమనకూడదో నేర్పుతాను. ‘నేను ముగ్గురిని కన్నాను, ఇంత అరవలేదు’ అన్న మాట లోపల అననని ఆమె చేత మాట తీసుకుంటాను. సగం పని అక్కడే అయిపోతుంది.

ప్రైవేటు ఆసుపత్రుల్లో నిర్ణయం డాక్టరుది. చిత్తూరు నుంచి చాలామంది వేలూరు వెళ్తారు, కొందరు తిరుపతి వస్తారు. ఏ ఊరి ఆసుపత్రి అయినా వరుస ఇదే:

1. ఎనిమిదో నెలలోపు తల్లి చెకప్‌కు వెళ్లినప్పుడు ఆమెతో కలిసి డాక్టరును చూడండి. ఒంటరిగా వెళ్లి విజిటింగ్ కార్డు పెట్టకండి.
2. ‘నేను వైద్యం జోలికి రాను, మీరు బయటికి వెళ్లమంటే వెళ్తాను’ అని మీరే ముందు చెప్పండి.
3. అనుమతి నోటిమాటగా కాకుండా తల్లి ఫైలులో ఒక వాక్యంగా రాయమని తల్లి చేత అడిగించండి. రాత్రి డ్యూటీ సిస్టరుకు ఆ వాక్యమే ఆధారం.
4. కాన్పు రోజు లోపలికి వెళ్లగానే సిస్టరును, ఆయాను పలకరించి ఎక్కడ నిలబడాలో అడగండి.

నా పొరపాటు ఒకటి చెబుతాను. మొదట్లో ఒక ఆసుపత్రిలో బిడ్డ తల కనిపిస్తుండగా సిస్టరు కత్తెర అందుకుంది. ‘కొంచెం ఆగండి సిస్టర్’ అన్నాను. డాక్టరు నా వైపు చూడను కూడా చూడలేదు, బయటికి పంపించారు. చివరి ఇరవై నిమిషాలు ఆ అమ్మాయి చేతికి నా చేయి లేదు. బిడ్డ వచ్చే దారిని వెడల్పు చేసే ఆ కోత గురించి అడగవలసింది ఆమె, అదీ ఎనిమిదో నెలలో. నేను చేయవలసింది ఆ ప్రశ్న ఆమెకు గుర్తుచేయడం.

అప్పటి నుంచి లోపల నా మాటలన్నీ తల్లితోనే. ‘అమ్మా, డాక్టరుగారు ఇప్పుడు ఉమ్మనీటి సంచికి రంధ్రం చేస్తామంటున్నారు. నువ్వేమైనా అడగాలా?’ అంటాను. అంతకు మించి అనను.

5. తల్లిని ఏడో నెలలో పట్టుకోండి

మొదటి కాన్పు పుట్టింట్లో అన్నది మన దగ్గర ఇంకా బలంగా ఉంది. అమ్మాయి బెంగళూరులోనో చెన్నైలోనో చూపించుకుంటూ, సీమంతం అయ్యాక తిరుపతి వస్తుంది. ఫైలు అక్కడ, మనిషి ఇక్కడ. స్కానింగు కాగితాలు సగం భర్త ఫోనులో ఉంటాయి.

మొదటి కలయికలో పని కాగితాలదే:

- తల్లీబిడ్డ రక్షణ కార్డు, అన్ని స్కానింగులు, రక్త పరీక్షలు ఒకే ఫైలులో
- రక్త వర్గం పెద్ద అక్షరాలతో ఫైలు అట్ట మీద
- ఇక్కడి డాక్టరుకు తొలిసారి చూపించిన తేదీ
- మాత్రల జాబితా, డాక్టరు రాసినట్టుగా

రెండో కలయిక భర్త, అమ్మ, వీలైతే అత్తగారు ఉన్నప్పుడు పెట్టుకోండి. ముహూర్తం చూసి ఆపరేషన్ చేయించాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే ఇక్కడే బయటపడుతుంది. వాదించకండి. ‘నెలలు నిండక ముందు తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు రావచ్చు, తేదీ సంగతి డాక్టరుగారినే అడుగుదాం’ అంటే చాలు.

మూడోది దారి చూసుకోవడానికి. రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నది తిరుపతిలో అలిపిరి రోడ్డు మీద. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు, వైకుంఠ ఏకాదశి నాడు ఆ దారి ఎలా ఉంటుందో ఊరివారికి చెప్పనక్కరలేదు. కాన్పు తేదీ ఆ రోజుల దగ్గరగా ఉంటే రెండో దారి, 108 నంబరు, ముందుగానే ఆసుపత్రి దగ్గర ఉండగల బంధువుల ఇల్లు రాసిపెట్టండి.

6. మీ సంచి

కొత్తవారి సంచులు పెళ్లికి వెళ్లేలా ఉంటాయి. ఇవి చాలు: రెండు జతల నూలు బట్టలు, గోళ్లు కత్తిరించుకునే కత్తెర, నీళ్ల సీసా, నీళ్లు తాగడానికి వంగే స్ట్రాలు, చిన్న తువ్వాళ్లు రెండు, వేడినీళ్ల సంచి, పొడవైన నూలు చున్నీ, జుట్టు రబ్బరు, ఫోను ఛార్జరు, మీకోసం వేరుశనగ ఉండలు. గాజులు, ఉంగరాలు ఇంట్లో పెట్టి రండి. అత్తరు అసలే వద్దు, నొప్పుల్లో వాసనకు వాంతి వస్తుంది.

7. నొప్పుల రోజు, గంటగంటకు

*ఇంట్లో.* మొదటి ఫోనుకే పరుగెత్తకండి. నడిస్తే తగ్గిపోతే, పడుకుంటే ఆగిపోతే చాలాసార్లు దొంగనొప్పులే. ఒక నొప్పి మొదలు నుంచి తర్వాతి నొప్పి మొదలు దాకా లెక్క పెట్టమనండి. తొలి కాన్పులో అయిదు నిమిషాలకొకసారి, నిమిషం పాటు, గంటసేపు ఆగకుండా వస్తే బయలుదేరే వేళ. రెండో కాన్పయితే, ఊరు దూరమైతే ఇంకా ముందే. డాక్టరు వేరే లెక్క చెప్పి ఉంటే అదే పాటించండి.

లెక్కతో పని లేకుండా వెంటనే బయలుదేరవలసినవి:

- ఉమ్మనీరు పోవడం. సమయం, రంగు రాసుకోండి, ఆకుపచ్చగా ఉంటే మరీ త్వరగా
- రక్తస్రావం
- బిడ్డ కదలిక తగ్గడం
- తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పై కడుపులో నొప్పి, మూర్ఛ
- జ్వరం
- నెలలు నిండకుండానే నొప్పులు

ఈ దశలో ఆకలి ఉంటే, డాక్టరు వద్దనకపోతే, పలచటి రాగి జావ, ఇడ్లీ, మజ్జిగ. అమ్మమ్మలు నెయ్యి అన్నం తినిపించాలని చూస్తారు, అదంతా కారులో బయటికి వస్తుంది.

*ఆసుపత్రిలో.* గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు నొప్పుల దశ మొదలైనట్టని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ‘ఇంకా మూడే’ అని సిస్టరు చెప్పినప్పుడు తల్లి ముఖం వాడిపోతుంది. ఈ సంగతి ముందే చెప్పి ఉంచితే వాడదు.

ఇక చేతుల పని:

1. అరగంటకొకసారి భంగిమ మార్పించండి. నిలబడి భర్త మెడ పట్టుకోవడం, మంచం అంచున ముందుకు వాలడం, ఎడమ పక్కకు తిరగడం. సెలైన్ గొట్టం, గుండె చప్పుడు యంత్రం ఉంటే సిస్టరును అడిగి ఎంత వీలైతే అంత.
2. నడుము నొప్పి ఎక్కువైతే, నడుము కింద పిరుదుల పైన ఉండే చదునైన ఎముక మీద మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో గట్టిగా నొక్కండి. నొప్పి ఉన్నంతసేపే, అది తగ్గగానే వదలండి. మోచేయి నిటారుగా పెట్టి మీ ఒంటి బరువు వాడకపోతే మర్నాడు మీ మణికట్టు పనిచేయదు.
3. రెండు చేతులతో రెండు తుంటి పక్కల నుంచి లోపలికి, పైకి నొక్కడం మరో పద్ధతి. దీన్ని భర్తకు నేర్పితే ఆయనకూ ఒక పని దొరుకుతుంది.
4. రెండు గంటలకొకసారి మూత్రానికి వెళ్లమని గుర్తుచేయండి. అందరూ మరచిపోయేది ఇదే.
5. ఊపిరి ఎలా తీయాలో ఉపన్యాసం వద్దు. మీరు ఆమె చెవి దగ్గర నెమ్మదిగా ఊపిరి వదలండి, ఆమె మిమ్మల్ని అనుసరిస్తుంది.
6. వేడినీళ్ల సంచి తువ్వాలు చుట్టే పెట్టాలి. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు) ఇచ్చి ఉంటే పెట్టనే పెట్టకండి, స్పర్శ తెలియక ఒళ్లు కాలుతుంది.

‘నా వల్ల కాదు, కోసేయమనండి’ అని తల్లి అనే ఘడియ ఒకటి వస్తుంది. చాలాసార్లు బిడ్డ దగ్గరపడినప్పుడే. ‘ఏం కాదులే’ అనకండి. ‘అవును, చాలా కష్టంగా ఉంది. ఈ ఒక్క నొప్పి చూద్దాం’ అనండి. తర్వాతి నొప్పికి మళ్లీ అదే అనండి.

*బిడ్డ పుట్టాక.* తల్లీబిడ్డ బాగుంటే బొడ్డు కోయడానికి ఒక నిమిషమైనా ఆగడం, బిడ్డను తల్లి ఛాతీ మీద పడుకోబెట్టడం, గంటలోపే పాలు పట్టించడం మంచిది. వీటిని అడగాలని తల్లికి ముందే చెప్పి ఉండాలి. ఆ గంటలో ఫోటోలకు వచ్చే బంధువులను తలుపు దగ్గర ఆపడం కూడా డూలా పనే, జీతం లేని పని.

8. పెద్దాపరేషన్ అయితే

మీ పని ఆగదు. థియేటరులోకి రానివ్వరు, కాబట్టి తలుపు దాకా వెళ్లి లోపల ఏం జరగబోతోందో రెండు వాక్యాల్లో చెప్పండి. బయటికి వచ్చాక కుట్ల మీద బరువు పడకుండా బిడ్డను పక్కకు పెట్టుకుని పాలిచ్చే తీరు చూపించండి. ‘అయ్యో, ఆపరేషన్ అయిందా’ అనే పరామర్శలను ఆమె చెవిన పడనీయకండి.

9. బాలింత ఇంట్లో

మీరు మూడో రోజు, వారానికి, పురుడు స్నానం అయ్యాక, ఆరో వారానికి వెళ్లాలి. పెద్దలను ఎదిరిస్తే రెండోసారి గుమ్మం ఎక్కనివ్వరు. ఆచారాలను మూడు కుప్పలుగా విడదీసుకోండి.

*ఉంచవలసినవి:* వెల్లుల్లి, సొంటి, వాము వేసిన వంట, బాలింతను పనికి దూరంగా ఉంచడం, వేన్నీళ్ల స్నానం.

*మార్చవలసినవి:* పొట్టకు గుడ్డ బిగించి కట్టడం. కాస్త వదులుగా, ఆపరేషన్ అయితే డాక్టరును అడిగి. సాంబ్రాణి పొగ బిడ్డ లేని గదిలో. పథ్యం పేరుతో ఆపేసిన ఆకుకూరలు, పండ్లు మెల్లగా తిరిగి పళ్లెంలోకి.

*ఆపవలసినవి:* బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వడం. ముర్రుపాలు పిండి పారేయడం. బిడ్డ నాలుకకు తేనె, చక్కెర నీళ్లు. కంటికి కాటుక. ముక్కులో చెవిలో నూనె. బొడ్డు మీద పసుపు, బూడిద. వీటి గురించి నేను నేరుగా అమ్మమ్మకు చెప్పను. ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం వచ్చే రోజు చూసుకుని, ఆమె చేత చెప్పిస్తాను. సూదిమందు వేసే మనిషి మాటకు విలువ వేరు.

వెంటనే ఆసుపత్రికి పంపవలసినవి:

- గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసిపోవడం, పెద్ద గడ్డలు
- జ్వరం, దుర్వాసన, కుట్ల దగ్గర చీము, ఒక కాలిపిక్క వాచి నొప్పి
- బిడ్డ పాలు తాగకపోవడం, మొదటి రోజే పసుపుపచ్చబడటం, ఛాతీ లోపలికి లాగుతూ ఊపిరి తీయడం, ఒళ్లు కాలడం లేదా చల్లబడటం

తొలి రెండు వారాలు కారణం లేకుండా ఏడుపు రావడం మామూలే. అది దాటినా తగ్గకపోతే, బిడ్డను చూడాలని అనిపించడం లేదంటే, మానసిక వైద్యులకు చూపించాలి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న మాట ఒక్కసారి అన్నా ఆమెను ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి.

10. ఇప్పుడు యోగా, మర్దన

పది కాన్పులు చూశాక ఒక్క విద్య ఎంచుకోండి, ఏడాదికి ఒకటి. గర్భిణులకు యోగా నేర్పాలంటే అందుకోసం విడిగా శిక్షణ ఉండాలి. మామూలు తరగతిలోని కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకం వీరికి పనికిరావు. నెలలు నిండేకొద్దీ వెల్లకిలా ఎక్కువసేపు పడుకోబెట్టకూడదు. మార్జాలాసనం, బద్ధకోణాసనం చాలామందికి హాయిగా ఉంటాయి, అవీ డాక్టరు సరే అన్నాకే.

ఆయుర్వేదం పట్ల మన ఊరిలో గౌరవం ఉంది, టీటీడీ ఆయుర్వేద కళాశాల ఇక్కడే ఉంది. లేహ్యం కావాలన్న తల్లిని అక్కడి వైద్యుల దగ్గరికి పంపండి. మీ సంచిలోంచి తీసి ఇవ్వకండి.

11. రుసుము, కాగితం

ఒక పేజీ చాలు: ఎన్నిసార్లు కలుస్తారు, ఏ తేదీ నుంచి ఫోనుకు సిద్ధంగా ఉంటారు, మీకు బదులు ఎవరు వస్తారు, ఏమేమి చేయరు, డబ్బు ఎప్పుడు. సగం ముందు, సగం ముప్పై ఆరో వారానికి తీసుకోండి. కాన్పయ్యాక అడగడం ఇద్దరికీ ఇబ్బంది. ఆపరేషన్ అయినా రుసుము మారదని అందులోనే రాయండి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం, చేయించుకోండి. తల్లి ఫోటో, బిడ్డ ఫోటో మీ ప్రచారానికి వాడకండి, వారు ఒప్పుకున్నా మూడు నెలలు ఆగి మళ్లీ అడగండి.

12. ఇంటికి వచ్చిన రాత్రి

స్నానం, తిండి, తర్వాత నోటు పుస్తకం. పేరు రాయకుండా ఈ అయిదు రాసుకోండి: ఏ సమయానికి చేరాను, ఏ భంగిమ పనిచేసింది, సిబ్బందితో ఎక్కడ మాట తేడా వచ్చింది, నా నోటి నుంచి రాకూడని మాట ఏది వచ్చింది, తల్లి నన్ను ఏమడిగితే జవాబు తెలియలేదు. ఆ చివరి ప్రశ్నను మర్నాడు మీకు తెలిసిన డాక్టరునో నర్సునో అడిగి తెలుసుకోండి. ఆ తర్వాత ఫోను గంట వినిపించేలా పెట్టి పడుకోండి. ముప్పై ఎనిమిదో వారంలో ఇంకొకరు ఉండే ఉంటారు.